ఉద్యానవనాల్లో జలయంత్రాలు: హోసూరు, కృష్ణగిరి వాసులకు ఒక పరిచయం

ఉద్యానవనం నడుమ ఆకాశం వైపు చిమ్మి, చినుకులుగా విడిపోయి, తిరిగి తొట్టిలోకి జారే నీటిధారను నేడు అందరూ ఫౌంటెన్ అంటున్నారు. దీనికి జలయంత్రం, ధారాయంత్రం, జలసూత్రం అనే పాత పేర్లు కూడా ఉన్నాయి. వసంతోత్సవాల్లో రంగునీళ్లు చల్లుకొనే చిమ్మనగ్రోవి కూడా ఇదే సూత్రంపై పనిచేసే చిన్న సాధనం. పేరు ఏదైనా, వేడిగాలిని చల్లబరచి, కంటికీ చెవికీ ఒకేసారి హాయినిచ్చే అలంకారం ఇది.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువారికి ప్రసిద్ధమైన జలోద్యానాలు దూరమేమీ కావు. హోసూరు నుండి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో బెంగళూరు లాల్‌బాగ్ ఉంది. మైసూరు చేరువలోని బృందావన ఉద్యానానికి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. బంధువుల ఇళ్లకు హైదరాబాదు వెళ్లేవారికి చార్మినార్ వద్ద గుల్జార్ హౌజ్, హుస్సేన్ సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు ఉండనే ఉన్నాయి. ఈ జలయంత్రాల చరిత్ర, అవి పనిచేసే విధానం, వాటిని చూడవలసిన తీరు, వాటికి కావలసిన నీటి లెక్క ఈ వ్యాసంలోని విషయాలు.

ప్రాచీన సంప్రదాయం

జలయంత్రాలు మన దేశానికి పరదేశీయులతోనే వచ్చాయన్న అభిప్రాయం సరి కాదు. కాళిదాసు మేఘదూతంలోనే యంత్రధారాగృహం ప్రస్తావన ఉంది. 11వ శతాబ్దికి చెందిన భోజరాజు రచించిన సమరాంగణ సూత్రధారంలో యంత్రాలను గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. అందులో ధారాగృహం, ప్రవర్షణం, ప్రణాళం, జలమగ్నం, నంద్యావర్తం అని ఐదు రకాల జలగృహాలను వర్ణించారు. వేసవి తాపం నుండి రాజపరివారానికి ఉపశమనం కలిగించడం వీటి ప్రయోజనం.

పారశీక ఉద్యాన సంప్రదాయం దీనికి మరొక రూపం ఇచ్చింది. తోటను కాలువలతో నాలుగు భాగాలుగా విభజించడం, కాలువల కూడలిలో కొలను నిర్మించడం, కొలనులో వరుసగా నీటి చిమ్ములు అమర్చడం దాని లక్షణాలు. జహంగీరు కాలంలో 1619లో కాశ్మీరులో రూపుదిద్దుకొన్న షాలిమార్ తోటలో కొండవాలునే మెట్లుగా మలచి, పైనుండి దిగే నీటి ఒత్తిడితో ధారలను చిమ్మించారు. తాజ్‌మహల్ తోటలో ఈ ఏర్పాటు మరింత నేర్పుగా ఉంది. అక్కడ ప్రతి చిమ్ము కింద ఒక రాగి పాత్రను అమర్చారు. గొట్టంలో వచ్చే నీరు మొదట ఆ పాత్రలను నింపి, ఆ తరువాతనే పైకి లేస్తుంది. అందువల్ల మొదటి ధార, చివరి ధార ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి.

గోల్కొండ, హైదరాబాదు

తెలుగు నేలపై జలయంత్రాల వైభవం కుతుబ్‌షాహీల కాలంలో స్పష్టంగా కనిపిస్తుంది. గోల్కొండ దుర్గానికి దుర్గం చెరువు నుండి నీటిని తెచ్చి, పశువులు తిప్పే పారశీక చక్రాలతో అంచెలంచెలుగా పై తొట్లకు ఎక్కించేవారు. అక్కడి నుండి కాల్చిన మట్టి గొట్టాల ద్వారా మహళ్లకు, తోటలకు, కొలనులకు నీరు దిగేది. నీటిని పైకి చేర్చడమే కష్టమైన పని. పైకి చేరిన తరువాత చిమ్మడం దాని సహజగుణం.

1591లో చార్మినార్ నిర్మాణం జరిగిన కొద్దికాలానికే దానికి ఉత్తరాన నాలుగు కమానుల నడుమ ఒక కొలను వెలసింది. నాలుగు దిక్కుల బాటలు కలిసే ఆ చోటే నేటి గుల్జార్ హౌజ్. ముత్యాల దుకాణాలు, నగల అంగళ్లు, ఆటోల రద్దీ నడుమ ఆ పురాతన జలయంత్రాన్ని గమనించకుండానే వేలాదిమంది దాటిపోతుంటారు. అదే పాతబస్తీలోని చౌమహల్లా ప్రాసాదం ప్రాంగణాల్లో విశాలమైన కొలనులు, వాటిలో చిమ్ములు ఉన్నాయి. మహలు గోడల ప్రతిబింబంతో కలిపి చూసినప్పుడే వాటి అందం తెలుస్తుంది.

ఆధునిక కాలంలో హుస్సేన్ సాగర్ ఒడ్డున 1994లో ఏర్పడిన లుంబినీ పార్కు సంగీత ఫౌంటెన్‌తో ప్రజాదరణ పొందింది. 2023 ఫిబ్రవరిలో అదే సాగరంలో నీటిపై తేలే సంగీత ఫౌంటెన్‌ను ప్రారంభించారు.

బారామహల్ ప్రాంతానికీ ఉద్యానాలకూ గల సంబంధం

కృష్ణగిరి ప్రాంతానికి చరిత్రలో బారామహల్ అని పేరు. 18వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఇది హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల ఏలుబడిలో ఉండేది. 1792 నాటి శ్రీరంగపట్నం సంధితో బారామహల్, 1799లో టిప్పు పతనానంతరం హోసూరు ప్రాంతం ఈస్టిండియా కంపెనీ అధీనంలోకి వచ్చాయి. అనగా లాల్‌బాగ్‌ను నాటిన కాలంలో హోసూరు, బెంగళూరు, శ్రీరంగపట్నం ఒకే ప్రభుత్వం కింద ఉండేవి.

హైదర్ అలీ 1760లో లాల్‌బాగ్‌కు పునాది వేశాడు. శిరాలోని మొగలాయి తోటను చూసి ముచ్చటపడి, ఆ నమూనాలో దీనిని ప్రారంభించినట్లు ప్రసిద్ధి. టిప్పు దానిని విస్తరించాడు. 1784లో శ్రీరంగపట్నంలో కావేరి ఒడ్డున అతడు నిర్మించిన దరియా దౌలత్ భవనం కూడా తోట నడుమనే ఉంది. నేడు లాల్‌బాగ్ సుమారు 240 ఎకరాల్లో విస్తరించి ఉంది. గణతంత్ర దినోత్సవానికి, స్వాతంత్ర్య దినోత్సవానికి గాజుగృహంలో జరిగే పుష్ప ప్రదర్శనలకు హోసూరు పరిసరాల నుండి కుటుంబాలు తరలివెళ్లడం పరిపాటి. ఆ తోటలోని పెద్ద చెరువును చూసి రావడం మరువరాదు. తోటను బ్రతికించే నీటి నిల్వ అదే.

బృందావనం: ఆనకట్ట నీడన తోట

దక్షిణ భారతంలో ఫౌంటెన్ అనగానే మొదట స్ఫురించేది మైసూరు సమీపంలోని బృందావన ఉద్యానం. కావేరిపై కృష్ణరాజసాగర్ ఆనకట్ట నిర్మాణం 1911లో మొదలైంది. దాని రూపకర్త మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకుల ఊరు మోక్షగుండం నేటి ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు సమీపాన ఉంది. 1908 నాటి మూసీ వరదల తరువాత హైదరాబాదు నగర రక్షణకు పథకం రూపొందించినవాడు కూడా ఆయనే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ పథకం ఫలితాలు.

ఆనకట్ట దిగువన తోట వేయించిన ఘనత 1926 నుండి 1941 వరకు మైసూరు దివానుగా పనిచేసిన సర్ మీర్జా ఇస్మాయిల్‌ది. ఆయన తరువాతి కాలంలో హైదరాబాదు సంస్థానానికి ప్రధానిగా కూడా ఉన్నాడు. లాల్‌బాగ్ అభివృద్ధికి పాటుపడిన జర్మన్ ఉద్యాన శాస్త్రజ్ఞుడు క్రుంబిగల్ ఈ తోట రూపకల్పనలో పాలుపంచుకొన్నాడు. 1927లో ప్రారంభమైన పని 1932లో పూర్తయింది. కాశ్మీరు షాలిమార్ తరహాలో సుమారు 60 ఎకరాల్లో మెట్లు మెట్లుగా తోటను తీర్చారు. ఆనకట్ట వెనుక నిలిచే నీటి పూర్తి మట్టం 124.80 అడుగులు. ఆ ఎత్తే కింది తోటలోని ధారలకు శక్తినిచ్చింది. షాలిమార్‌లో కొండ చేసిన పనిని ఇక్కడ ఆనకట్ట చేసింది. సంగీత ఫౌంటెన్ తరువాత వచ్చిన ఆకర్షణ. అనేక తెలుగు చిత్రాల యుగళగీతాలు ఈ తోటలో చిత్రీకరించడం వల్ల, అక్కడికి ఎన్నడూ వెళ్లనివారికి కూడా ఆ ధారలు పరిచితమే.

నీరు పైకి ఎందుకు లేస్తుంది

ఫౌంటెన్ వెనుక ఉన్న శాస్త్రం సరళమైనది. ఎత్తులో నిలిచిన నీరు గొట్టం గుండా కిందికి వచ్చి, సన్నని ముక్కు ద్వారా బయటపడినప్పుడు, తాను బయలుదేరిన మట్టానికి తిరిగి చేరుకోవాలని చూస్తుంది. గొట్టంలో రాపిడి, బయట గాలి నిరోధం ఉండడం వల్ల ఆ ఎత్తుకు కొంత తక్కువగానే ఆగిపోతుంది. 5 మీటర్లు ఎగరాలంటే నీరు సెకనుకు సుమారు 10 మీటర్ల వేగంతో ముక్కు నుండి వెలువడాలి. 20 మీటర్లు ఎగరాలంటే సెకనుకు 20 మీటర్ల వేగం కావాలి. ఎత్తు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లు, ఒత్తిడి నాలుగు రెట్లు కావాలి.

కొండ గాని, ఆనకట్ట గాని లేని చోట ఈ ఒత్తిడిని పంపు కల్పిస్తుంది. నేటి ఫౌంటెన్లలో నీటిలో మునిగి ఉండే పంపు తొట్టిలోని నీటిని తోడి, వడకట్టి, ముక్కులకు పంపుతుంది. పైకి లేచిన నీరు మళ్లీ అదే తొట్టిలో పడుతుంది. ముక్కు ఆకారాన్ని బట్టి ధార రూపం మారుతుంది. సన్నని రంధ్రం ఈటెలాంటి ధారనిస్తుంది. గాలిని కలిపి చిమ్మే ముక్కు నురుగు స్తంభాన్ని, వెడల్పాటి పళ్లెం వంటి ముక్కు గొడుగు ఆకారాన్ని ఇస్తాయి. సంగీత ఫౌంటెన్‌లో ఒక్కొక్క ముక్కుకు విద్యుత్తుతో తెరుచుకొనే కవాటం ఉంటుంది. పాటకు అనుగుణంగా ఏ క్షణంలో ఏది తెరవాలో, ఏ దీపం వెలగాలో కంప్యూటరులో ముందే రాసి పెడతారు.

రాజులకు సైతం తప్పని కొరత

ఫౌంటెన్ల చరిత్ర నీటి కొరత చరిత్ర కూడా. ఫ్రాన్సులో 14వ లూయీ వెర్సాయ్ తోటను వందలాది జలయంత్రాలతో నింపాడు. కాని వాటన్నిటికీ ఒకేసారి నీరు చాలేది కాదు. సెన్ నదిపై 14 పెద్ద చక్రాలతో మార్లీ యంత్రాన్ని నిర్మించి, 1684 నాటికి నీటిని సుమారు 160 మీటర్ల ఎత్తుకు ఎక్కించినా కొరత తీరలేదు. యూర్ నది నుండి కాలువ తవ్వే పని యుద్ధం వల్ల 1688లో ఆగిపోయింది. చివరకు రాజు నడిచే దారిలో ఉన్న ధారలను మాత్రమే తెరిచి, ఆయన దాటిపోగానే ఈలలతో సైగ చేసుకొంటూ కట్టివేసేవారు. నాటి యూరపులో అత్యంత శక్తిమంతుడైన రాజుకు సైతం నీటి లెక్క తప్పలేదు.

చూడవలసిన తీరు

ఫౌంటెన్‌ను చూసి ఆనందించడానికి వేళ, గాలి, నిలిచే చోటు ముఖ్యమైనవి.

సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ధార వెలవెలబోతుంది. ఉదయం 9 గంటలలోపు గాని, సాయంకాలం నాలుగు గంటల తరువాత గాని చూడడం మేలు. సూర్యుడిని వీపు వెనుక ఉంచుకొని నిలిస్తే తుంపరలలో ఇంద్రధనుస్సు కనబడుతుంది. సూర్యుడు దిగంతం నుండి 42 డిగ్రీల కంటే ఎత్తుకు చేరితే సమతల నేలపై నిలిచినవారికి ఆ విల్లు కనబడదు. పిల్లలకు ఈ విషయం చెప్పి చూపిస్తే పాఠ్యపుస్తకంలోని వెలుగు పాఠం చక్కగా ఒంటబడుతుంది. ధారలోని మెరుపు కావాలంటే అందుకు విరుద్ధంగా సూర్యుడి వైపు ముఖం పెట్టి చూడాలి. ఎదురు వెలుగులో ప్రతి బిందువూ వేరుగా మెరుస్తుంది.

సంగీత ఫౌంటెన్లు చీకటి పడిన తరువాతనే శోభిస్తాయి. అందరూ ముందు వరుసకే ఎగబడతారు గాని, కొంత దూరంగా, కొంత ఎత్తుగా ఉన్న చోటి నుండి మొత్తం అమరిక బాగా కనిపిస్తుంది. గాలి వీచే దిక్కుకు ఎదురుగా నిలిస్తే తడవకుండా చూడవచ్చు. ప్రదర్శన వేళలు కాలాన్ని బట్టి, వారాన్ని బట్టి మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు విచారించుకోవడం మంచిది. తొట్టిలోని నీటిని తాగరాదు. పిల్లలను అందులో దిగనివ్వరాదు. నీటి అడుగున విద్యుత్ దీపాలు, తీగలు ఉంటాయి.

మన నీటి లెక్క

ఇక మన జిల్లా సంగతి. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుండి విడివడి ఏర్పడిన కృష్ణగిరి జిల్లాకు ప్రధాన జలాధారం దక్షిణ పినాకిని. తమిళులు దీనిని తెన్‌పెణ్ణై అంటారు. నంది కొండల్లో పుట్టిన రెండు పినాకినుల్లో ఒకటి ఉత్తరంగా సాగి అనంతపురం, కడప, నెల్లూరు సీమలను తడుపుతుండగా, రెండవది హోసూరు, కృష్ణగిరి మీదుగా కడలూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. దానిపై హోసూరు చేరువలో 44.28 అడుగుల పూర్తి మట్టం గల కెలవరపల్లి ఆనకట్ట, కృష్ణగిరి చేరువలో 52 అడుగుల మట్టం గల కృష్ణగిరి ఆనకట్ట ఉన్నాయి. 1950లలో కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో పూర్తయిన ఈ రెండవ ఆనకట్ట కింద సుమారు 9,000 ఎకరాలు సాగవుతున్నాయి. ఆనకట్ట దిగువన ఉన్న ఉద్యానవనం సెలవు దినాల్లో కుటుంబాలతో కళకళలాడుతుంది. 2017 నవంబరులో ఈ ఆనకట్ట గేటు ఒకటి విరిగి నిల్వ నీరు దిగువకు పోయింది. ఆ తరువాత పాత గేట్ల స్థానంలో కొత్తవి అమర్చారు. తోటకైనా, పొలానికైనా నిల్వ ఎంత ముఖ్యమో ఆ సంఘటన గుర్తుచేసింది.

కెలవరపల్లి వద్ద కనిపించేది మరొక దృశ్యం. బెంగళూరు బెళ్లందూరు, వర్తూరు చెరువుల పారుదల దక్షిణ పినాకినిలోనే కలుస్తుంది. వర్షాలకు ప్రవాహం పెరిగి ఆనకట్ట గేట్లు తెరిచినప్పుడల్లా దిగువన తెల్లని నురుగు మేటలు వేయడం ఇటీవలి సంవత్సరాల్లో తరచుగా వార్తలకెక్కింది. దూరం నుండి మంచుకొండలా కనిపించే ఆ నురుగు మురుగునీటిలోని సబ్బు పదార్థాల ఫలితం. నీటికి గాలి కలిపి చిమ్మితే నురుగు లేవడం రెండు చోట్లా ఒకటే. తోటలో దానిని చూడడానికి రుసుము చెల్లించి వెళతారు. ఏటి ఒడ్డున దానిని చూసి రైతులు ముక్కు మూసుకొంటున్నారు. తేడా అంతా నీటి శుభ్రతలోనే ఉంది.

తాగునీటి సంగతి కూడా ఇటువంటిదే. భూగర్భ జలాల్లో ఫ్లోరైడు అధికంగా ఉన్నందువల్ల ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు హొగెనకల్ వద్ద కావేరి నుండి నీటిని తెచ్చే పథకం 2013లో ప్రారంభమైంది. అంత దూరం నుండి పంపులతో ఎక్కించి తెచ్చిన నీటిని తొట్టిలో చిమ్మడం సమంజసం కాదు. సెకనుకు 10 లీటర్లు చిమ్మే ఫౌంటెన్ నీటిని తిరిగి వాడుకోకుండా వదిలివేస్తే గంటకు 36,000 లీటర్లు పోతాయి. తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్కిస్తే, అది 266 మందికి ఒక రోజు సరిపడే నీరు. అదే నీటిని తొట్టిలోనే తిప్పుకొంటే, ఆవిరైన మేరకు, గాలికి కొట్టుకుపోయిన మేరకు మాత్రమే నింపవలసి వస్తుంది. 2024 మార్చిలో నీటి ఎద్దడి తీవ్రమైనప్పుడు బెంగళూరు నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి అలంకార ఫౌంటెన్లకు తాగునీటిని వాడడాన్ని నిషేధించి, ఉల్లంఘించినవారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. ఆ నగరానికి కూతవేటు దూరంలో ఉండి, 2019 నుండి నగరపాలక సంస్థగా ఎదుగుతున్న హోసూరుకు ఇది ముందుగానే అందిన పాఠం.

నిర్మించేవారు గమనించవలసినవి

కొత్తగా ఉద్యానవనాలు ఏర్పాటు చేసే స్థానిక సంస్థలు, పాఠశాలలు, పరిశ్రమలు, కల్యాణ మండపాలవారు కొన్ని విషయాలను దృష్టిలో ఉంచుకోవాలి.

ధార ఎత్తు, ముక్కు నుండి తొట్టి అంచుకు గల దూరాన్ని మించరాదు. మించితే చిన్న గాలికే నీరు బయట పడుతుంది. గాలి వేగాన్ని పసిగట్టి ధారను తగ్గించే సాధనం పెద్ద ఫౌంటెన్లకు అవసరం.

వాననీటిని గాని, పూర్తిగా శుద్ధిచేసి క్రిమిరహితం చేసిన నీటిని గాని వాడాలి. వెచ్చని నిలవ నీటిలో పెరిగే లీజియోనెల్లా అనే సూక్ష్మజీవి సన్నని తుంపరల ద్వారా ఊపిరితిత్తులకు చేరి తీవ్రమైన జబ్బు కలిగించగలదు. అందువల్ల వడపోత, క్లోరిన్ మోతాదు, తొట్టిని కాలానుగుణంగా కడగడం తప్పనిసరి.

పనిచేయని ఫౌంటెన్ అలంకారం కాకపోగా ప్రమాదకరం. కదలని నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. నడపలేని కాలంలో తొట్టిని పూర్తిగా ఎండగట్టడమే ఉత్తమం. ప్రారంభోత్సవం నాడు చిమ్మి, ఏడాది తిరగకుండానే చెత్తకుండీలుగా మారే తొట్లు మన ఊళ్లలో కొత్త కాదు. కట్టే ఖర్చుతో పాటు ఏటేటా నడిపే ఖర్చును, బాధ్యుడైన మనిషిని ముందే నిర్ణయించుకోవాలి.

చెరువులో తేలే చిమ్ములు అలంకారంతో పాటు నీటికి ప్రాణవాయువును కూడా అందిస్తాయి. హోసూరులోని రామనాయకన్ చెరువు వంటి ఊరిచెరువులకు ఇవి తగినవి. అయితే చెరువులోకి మురుగు చేరడం ఆగనిదే ఈ చిమ్ములు ఎన్ని పెట్టినా నీరు బాగుపడదు.

గోల్కొండ తొట్టికి దుర్గం చెరువు, బృందావనానికి కృష్ణరాజసాగరం, షాలిమార్‌కు కొండవాగు ఆధారమైనట్లే, హోసూరు, కృష్ణగిరి తోటలకు దక్షిణ పినాకిని, ఊరిచెరువులే ఆధారం. వాటిలోకి మురుగు రాకుండా చూసుకొన్న నాడు ఈ జిల్లాలో చిమ్మే ధార ఎదుట కూడా తల్లిదండ్రులు తమ పిల్లలను నిశ్చింతగా నిలబెట్టగలుగుతారు.